బాయిలర్ ఆగిందా? ఓనర్‌కి ఫోన్ చేసే ముందు ముల్లు చూడండి

నవంబర్ వచ్చిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, బాయిలర్ పోయింది. రెండు రోజుల నుంచి చన్నీళ్లే. ఓనర్ ఫోనెత్తట్లేదు." నేనడిగే మొదటి మాట, "ముల్లు ఎంత మీద ఉందిరా?" కాసేపు చప్పుడుండదు. తర్వాత "ఏ ముల్లన్నా?" అంటారు. పదిమందిలో ఏడెనిమిది మందిది ఇదే జవాబు. బాయిలర్ కింద గుండ్రంగా గడియారంలా ఉండే ప్రెషర్ మీటర్‌ని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు.

పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అద్దె ఇళ్లలోనే ఉన్నాను. మొదట ఆరుగురం కలిసి, ఇప్పుడు కుటుంబంతో. చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో బాయిలర్ ఆగితే వెళ్లి చూసి వస్తుంటాను. నేను ఇంజనీర్ని కాదు. బాయిలర్ మూత ఎన్నడూ విప్పలేదు, మీరూ విప్పకండి. అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పని చేసే అర్హత ఉన్న ఇంజనీర్ల జాబితాలో, పేరున్నవాళ్ల పని. కానీ నేను చూసినవాటిలో సగానికి పైగా మూత దాకా వెళ్లకుండానే తేలిపోయాయి. ఇక్కడ రాసేది ఇంగ్లండ్ అద్దె ఇళ్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ కాంబీ బాయిలర్ గురించి, అంటే గదుల వేడీ కుళాయి వేడినీళ్లూ ఒకే పెట్టె ఇచ్చేది. స్కాట్లండ్, వేల్స్‌లో బాయిలర్లు ఇవే అయినా చట్టాలు వేరు.

గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం ఇది చదవడం ఆపేయండి. కిటికీలు తెరవండి, స్విచ్చులు ముట్టుకోకండి, మీటర్ దగ్గర వాల్వ్ కట్టేసి, బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా అంతే. 2022 అక్టోబర్ 1 నుంచి గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో ఆ అలారం పెట్టించడం ఓనర్ బాధ్యత. మీ ఇంట్లో లేకపోతే ఈ రోజే అడగండి.

మంట లేదు, వేడి లేదు, నీళ్లు చల్లగా

ముందు స్టవ్ వెలిగించి చూడండి. వెలగలేదా, తప్పు బాయిలర్‌ది కాదు, ఇంటికి గ్యాసే రావట్లేదు. ముందే డబ్బు వేసుకునే మీటరైతే బ్యాలెన్స్ చూడండి. ఎమర్జెన్సీ క్రెడిట్ కూడా అయిపోయి ఉంటుంది. స్మార్ట్ మీటర్లలో టాపప్ చేసినంత మాత్రాన గ్యాస్ దానంతటది రాకపోవచ్చు. మీటర్ మీదో, ఇంట్లో ఉండే చిన్న డిస్‌ప్లే మీదో బటన్ నొక్కి మళ్లీ ఆన్ చేయాలి. ఆ తర్వాత బాయిలర్ రీసెట్ ఒక్కసారి నొక్కండి. పదిసార్లు కాదు.

స్టవ్ వెలుగుతోంది, బాయిలర్ తెరే నల్లగా ఉందంటే పక్కన గోడమీద స్విచ్ చూడండి. ఎవరో మిక్సీ స్విచ్ అనుకుని కట్టేసి ఉంటారు. తెర వెలుగుతున్నా హీటింగ్ రావట్లేదంటే గదిలోని థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చండి. ఒక ఇంట్లో నలుగురు పిల్లలు మూడు రాత్రులు కోట్లు వేసుకుని పడుకున్నారు. ఇంజనీర్ వచ్చి రెండు బ్యాటరీలు మార్చి వెళ్లాడు.

ఇవన్నీ బాగుంటే ముల్లు. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు అది 1కీ 1.5కీ మధ్య ఉండాలి. బాగా కిందికి దిగితే బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది. వైలాంట్ కంపెనీ బాయిలర్ తెర మీద ఎఫ్ 22, ఐడియల్ కంపెనీది అయితే ఎఫ్ 1 అనే కోడ్ కనిపిస్తే అదే అర్థం. కింద వెండిరంగు అల్లిక గొట్టం, దాని రెండు చివరలా వాల్వులు ఉంటాయి. నెమ్మదిగా తిప్పి 1.3 దాకా నింపి, రెండూ గట్టిగా కట్టేయండి. కొన్ని మోడళ్లలో గొట్టం బదులు తాళం చెవిలాంటిదో, మీటలాంటిదో ఉంటుంది.

రాత్రి గడ్డకట్టే చలి, పొద్దున గుడగుడ

రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పోయి, పొద్దున బాయిలర్ గుడగుడమని ఆగిపోతుంటే గోడలోంచి బయటికి వెళ్లే సన్నటి ప్లాస్టిక్ పైపులో నీరు గడ్డకట్టింది. వూస్టర్ కంపెనీ బాయిలర్‌లో ఇఎ, వైలాంట్‌లో ఎఫ్ 28, ఐడియల్‌లో ఎల్ 2 రావచ్చు. ఈ కోడ్లు మంట అంటుకోలేదని మాత్రమే చెబుతాయి, పైపు సంగతి మీరే కనిపెట్టాలి. బయట పైపు మీద గోరువెచ్చని నీళ్లు పోయండి. మరిగే నీళ్లు పోస్తే పైపు పగులుతుంది. కరిగాక రీసెట్ చేయండి. ప్రతి చలికాలం ఇదే జరుగుతుంటే పైపుకి తొడుగు వేయించమని ఓనర్‌కి రాయండి.

నీళ్లు వేడిగా, రేడియేటర్లు చల్లగా, లేదా తలకిందులుగా

ఒక్క రేడియేటర్ పైభాగం మాత్రమే చల్లగా ఉంటే గాలి చేరింది. చిన్న తాళంతో గాలి వదిలి, ముల్లు మళ్లీ చూసుకోండి, తప్పకుండా దిగి ఉంటుంది. కిందిభాగం చల్లగా ఉంటే లోపల తుప్పు బురద, అది ఓనర్ పని. హీటింగ్ వస్తూ కుళాయిలో వేడినీళ్లు మాత్రం రాకపోతే ఎక్కువగా డైవర్టర్ వాల్వ్ (వేడిని రేడియేటర్లకో కుళాయికో మళ్లించేది), అదీ ఇంజనీర్ పనే.

ప్రెషర్ దిగుతుంది, నింపుతాం, మళ్లీ దిగుతుంది

నన్ను దెబ్బతీసింది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

ఆరుగురం ఉన్న ఇంట్లో ఒక చలికాలం రోజు విడిచి రోజు ముల్లు సున్నాకి దిగేది. ఎవరు ముందు లేస్తే వాళ్లు నింపేవాళ్లం. ఫ్రిజ్ మీద వంతుల కాగితం కూడా అంటించాం. ఇంటిపని బాగా పంచుకున్నామని అనుకున్నాం. మధ్యలో ఒకసారి ఓనర్ తరఫున ఇల్లు చూసుకునే ఏజెంట్‌కి ఫోన్‌లో చెబితే ఇంజనీర్‌ని పంపారు. ఆయన వస్తున్నాడని ఆ పొద్దునే మేం 1.3 దాకా నింపి పెట్టాం. ఆయన ఐదు నిమిషాలు వెలిగించి చూసి, బాగానే పనిచేస్తోందని రాసి వెళ్లిపోయాడు. మూడు నెలల తర్వాత బాయిలర్ లోపల్నుంచి కారి పూర్తిగా ఆగింది. ఓనర్ అన్నమాట ఇప్పటికీ గుర్తు: "నాకెవరూ చెప్పలేదు. మీరే ఏదో కెలికారు." మా చేతిలో ఒక్క ఫొటో లేదు, ఒక్క మెయిల్ లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లోంచి 180 పౌండ్లు పోయాయి.

అసలు జరిగింది తర్వాత ఇంకో ఇంట్లో, ఓపికగా వివరించిన ఒక ఇంజనీర్ దగ్గర నేర్చుకున్నాను. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 10 డిగ్రీల నుంచి 70కి వెళ్తే వంద లీటర్లకు రెండు లీటర్ల పైచిలుకు పెరుగుతాయి. పెరిగిన నీళ్లకి చోటివ్వడానికి బాయిలర్‌లో ఎక్స్‌పాన్షన్ వెసెల్ అనే డబ్బా ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాలి సైకిల్ ట్యూబులో లాగే తగ్గిపోతుంది. అప్పుడు వేడెక్కిన నీళ్లకి చోటు లేక ప్రెషర్ 3 దాకా ఎగబాకుతుంది. 3 దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని కొన్ని నీళ్లను బయటికి వదిలేస్తుంది. బాయిలర్ చల్లారాక ముల్లు సున్నా దగ్గర. మనం లీకు కోసం ఇల్లంతా కార్పెట్లు తడుముతాం, ఎక్కడా తడి ఉండదు. నీళ్లన్నీ ఇంటి వెనక గోడ బయటికి పోయాయి.

దీన్ని పట్టుకోవడానికి పనిముట్లు అక్కర్లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఫొటో తీయండి. హీటింగ్ వేసిన అరగంటకి మళ్లీ తీయండి. 1.2 నుంచి 1.8 దాకా వెళ్తే మామూలే. 2.5 దాటి 3 వైపు పోతుంటే నాకు తెలిసి తొంభై శాతం వెసెలే. తర్వాత బాయిలర్ వెనక గోడ బయట చూడండి. వేలంత లావు రాగి పైపు గోడలోంచి వచ్చి, మళ్లీ గోడవైపే వంగి ఉంటుంది. దాని కింద గోడమీద తెల్లటి చార ఉందా? వాన లేని రాత్రి కిలో పెరుగు డబ్బా కడిగి, తుడిచి, దాని కింద పెట్టండి. నేను మా వీధి చివర ఇంట్లో అలాగే పెట్టాను. పొద్దున లేచి చూస్తే డబ్బా అడుగున రెండు వేళ్ల మందం నల్లటి నీళ్లు, తుప్పు వాసన. ఆ ఒక్క ఫొటో చూశాక ఏజెంట్ మారుమాట్లాడలేదు. పైపు కారుతోంది కదా అని దాని మూతి మాత్రం ఎప్పుడూ మూయకండి, పైపు ముందు చెయ్యి పెట్టకండి. ప్రాణం కాపాడే పైపు అది, లోపల్నుంచి కాలే నీళ్లు రావచ్చు.

ఇదే లక్షణంతో వచ్చేవి ఇంకో రెండున్నాయి. బాయిలర్ ఆపి ఉన్నా ముల్లు దానంతటది పైకి పాకుతుంటే మీరు నింపే గొట్టం వాల్వ్ సరిగా కట్టలేదు, లేదా అరిగింది. వేడెక్కినప్పుడు పెద్దగా పెరగకుండా, రోజూ కొంచెం కొంచెం దిగుతూ మాత్రమే ఉంటే ఎక్కడో నిజంగానే లీకు ఉంది. రేడియేటర్ వాల్వుల కింద టిష్యూ పేపర్ అద్ది చూడండి.

వెసెల్‌కి వైద్యం సులువే. ఇంజనీర్ నీళ్లు దింపి, గాలి వాల్వ్ దగ్గర పంపుతో మళ్లీ గాలి కొడతాడు. ఆ గాలి వాల్వ్ నొక్కితే నీళ్లొచ్చాయంటే పొర చినిగింది, కొత్త వెసెల్ వేయాలి. సేఫ్టీ వాల్వ్ కూడా చూడమని గట్టిగా చెప్పండి. ఒకసారి తెరుచుకున్నాక అందులో మురికి ఇరుక్కుని సరిగా మూసుకోదు. గాలి కొట్టి వాల్వ్ వదిలేస్తే పదిరోజుల్లో మళ్లీ ముల్లు దిగుతుంది.

ఇంకొకటి. ఇంజనీర్ వచ్చే రోజు నింపకండి. ఆగిపోయి ఉంటే ఆగిపోయిన బాయిలర్‌నే ఆయన చూడాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపడం మామూలు. నెలలో మూడోసారి నింపుతున్నారంటే అప్పుడే మెయిల్ రాయండి. ప్రతిసారీ కొత్త నీళ్లు పోస్తే కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది, రేడియేటర్లు తుప్పు పడతాయి, ఆ బురద వచ్చి బాయిలర్‌ని చంపుతుంది.

మిగిలినవి, అంటే ఫ్యాన్, సర్క్యూట్ బోర్డ్, గ్యాస్ వాల్వ్, అరుదు. అద్దెకున్నవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు.

ఓనర్ పలకడం లేదు

1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్, సెక్షన్ 11 ప్రకారం గది వేడికీ వేడినీళ్లకీ సంబంధించిన సామగ్రిని బాగుచేయించాల్సింది ఓనరే. అగ్రిమెంట్‌లో "బాయిలర్ రిపేరు అద్దెకున్నవాళ్లదే" అని రాసి, మీరు సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. ఇంట్లో చిన్నాచితకా పనులు మాత్రం మనవే. 1953లో వారెన్ వర్సెస్ కీన్ కేసులో జడ్జి లార్డ్ డెనింగ్ చెప్పింది ఇదే: ఫ్యూజు పోతే వేసుకోవడం, సింకు మూసుకుపోతే తీసుకోవడం లాంటివి. బ్యాటరీలు మార్చడం ఆ లెక్కలోకి వస్తుంది, వెసెల్ రాదు.

అసలు చిక్కు నోటీసు దగ్గర. ఇంటి లోపలి రిపేర్లకి ఓనర్ బాధ్యత మొదలయ్యేది ఆయనకి తెలిసిన రోజు నుంచి. మనవాళ్లు చాలామంది ఇల్లు తీసుకున్న సీనియర్‌కి అద్దె ఇచ్చి, రిపేరు కూడా ఆయనకే చెబుతారు. "అన్నకి చెప్పాం" అంటారు. ఆ అన్న ఏజెంట్‌కి చెప్పాడో లేదో ఎవరికీ తెలియదు. అందుకే మెయిల్ పెట్టండి. ఏ రోజు ఆగింది, ముల్లు ఎంత, కోడ్ ఏమిటి, ఫొటోలు, ఇంట్లో పసివాళ్లో పెద్దవాళ్లో ఉంటే ఆ మాట, హీటర్లు ఎప్పుడిస్తారు, అంతే. ఫోన్‌లో మాట్లాడినా "ఇందాక మనం మాట్లాడుకున్నది" అంటూ రెండు వాక్యాలు రాసి పంపండి. ఓనర్ ఎవరో తెలియకపోతే అద్దె తీసుకునేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. 21 రోజుల్లో పేరు, చిరునామా ఇవ్వాలి. ఓనర్ ఉండే ఇంట్లోనే ఒక గది తీసుకుని ఉంటే మాత్రం నియమాలు వేరు.

"గ్యాస్ సర్టిఫికెట్ ఉందిగా, బాయిలర్ బాగానే ఉన్నట్టే" అంటారు. ఏడాదికోసారి చేయించే ఆ తనిఖీ భద్రత కోసం. వెసెల్‌లో గాలి ఉందని అది చెప్పదు. ఆ కాపీ మాత్రం అడిగి దగ్గర పెట్టుకోండి.

ప్రైవేటు అద్దె ఇళ్లకి ఎన్ని గంటల్లో బాగుచేయాలని చట్టంలో అంకె లేదు, సమంజసమైన సమయం అని మాత్రమే ఉంది. చలికాలంలో పూర్తిగా వేడి లేకపోతే అది వారాల లెక్క కాదు, ఒకటి రెండు రోజుల లెక్క. అప్పటిదాకా ఎలక్ట్రిక్ హీటర్లు అడగండి. హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి. గది వేడెక్కాలని గ్యాస్ స్టవ్ వెలిగించి ఉంచకండి, అలా చేస్తే ప్రాణాలు పోతాయి. కోపంతో అద్దె ఆపకండి, బకాయి పడితే ఖాళీ చేయించడానికి కారణం మీరే ఇచ్చినట్టు.

మెయిల్‌కి జవాబు లేకపోతే మీ కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి రాయండి. 2004 హౌసింగ్ యాక్ట్ కింద వాళ్లు చూసే ప్రమాదాల్లో అతి చలి ఒకటి. బాగుచేయించమని ఓనర్‌కి నోటీసిచ్చే అధికారం వాళ్లకుంది. వీసాకి ఏమవుతుందోనని పిల్లలు భయపడుతుంటారు. ఇంట్లో వేడి లేదని చెప్పుకోవడం ఏ వీసా నిబంధనకీ విరుద్ధం కాదు. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 కూడా 2025 రెంటర్స్ రైట్స్ యాక్ట్‌తో 2026 మే 1 నుంచి రద్దు. కౌన్సిల్ మనిషి వచ్చేదాకా ఆ పెరుగు డబ్బా పైపు కిందే ఉంచి, రోజూ పొద్దున ఒక ఫొటో, రాత్రి ఒక ఫొటో తీస్తూ ఉండండి.