వరద తర్వాత బడి తెరిచాక

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచేశాయి. బురద కడిగి బడి తెరిచిన రోజే తొమ్మిదో తరగతికి వ్యాసం ఇచ్చాను: ‘నేను చూసిన వరద’. తెలుగు టీచర్ని కదా, రాస్తే గుండె తేలికవుతుందనుకున్నా. ఒకమ్మాయి పేరు, రోల్ నంబరు మాత్రం రాసి కాగితం ఇచ్చేసింది. ఒక పిల్లాడు తర్వాత మూడు రోజులు బడికే రాలేదు. వరద వచ్చిన ఊళ్లో పాఠాలు చెప్పే టీచర్లు, ఆ తప్పు మీరు చేయకండి. చెప్తే వినండి, చెప్పమని మాత్రం అడగొద్దు, అందరి ముందు అసలే వద్దు.

బదులుగా పని చెప్పండి. మేం లైబ్రరీ పుస్తకాలు దండేల మీద ఆరేయించాం. చేతులు ఆడుతుంటే మాట దానంతటదే వస్తుంది. ‘టీచర్, మా మేకని విప్పడం మర్చిపోయినా’ అన్నాడొకడు, అట్టలు విడదీస్తూ. నేనూ తలెత్తకుండా ‘ఊఁ’ కొడుతూ విన్నా. ‘నీకంటే ఎక్కువ పోగొట్టుకున్నోళ్లు లేరా’, ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంరా’ అనే మాటలు నోట రానీయకండి.

బెల్లు, ఆటల పీరియడ్, మధ్యాహ్న భోజనం వేళ తప్పకూడదు. యూనిట్ టెస్టులు వెనక్కి జరిపినా కొంప మునగదు. పదో తరగతి వాళ్ల టెన్షనంతా తడిసిన సర్టిఫికెట్లు, పోయిన నోట్సుల గురించే. నకళ్లు ఎలా తీసుకోవాలో హెడ్మాస్టరుతో ప్రార్థనలో చెప్పించండి.

మబ్బు పట్టగానే ‘మళ్లీ నీళ్లొస్తాండాయంట’ అని మొదలవుతుంది. తహసీల్దారు ఆఫీసుకు ఫోన్ చేసి తెలిసింది బోర్డు మీద రాయండి. ‘ఇంకెప్పుడూ రాదు’ అని మాటివ్వొద్దు. వస్తే ఏ మెట్లెక్కాలో నడిపించి చూపించండి.

అల్లరి చేసేవాడు ఎలాగూ కనబడతాడు. బుద్ధిగా కూర్చుని, ఇంటికెళ్లి తమ్ముళ్లకు వండిపెట్టే పిల్లే మన కన్ను తప్పించుకుంటుంది. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, చదివింది తలకెక్కకపోవడం మొదట్లో మామూలే, చాలామందికి మెల్లగా తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకపోతే, తిండి మానేసినా, తాగుడు అలవాటైనా పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాలి. ‘పిల్లకి పిచ్చంటారు మేడమ్’ అని అమ్మానాన్నలు జంకుతారు. ‘నిద్ర పట్టడం లేదు కదమ్మా, అదే డాక్టరుకు చెబుదాం, నేనూ వస్తా పదండి’ అంటే కదులుతారు.

చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే, అనకపోయినా మీకు అనుమానమొస్తే, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో చెప్పండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అది 2022లో వచ్చింది, అప్పట్లో మాకు లేదు.

ఏడాది తిరిగి ఆ తేదీ వచ్చినప్పుడు కొందరికి మళ్లీ మొదలవుతుంది. మాకు అక్టోబరు 2 గాంధీ జయంతి సెలవు, పిల్లలు ఇళ్లలోనే ఉంటారు. అందుకే సెలవయ్యాక బడి తెరిచిన రోజు హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరు దగ్గర కాసేపు ఆగి మొహం చూసేదాన్ని.