కంకర మడి, ఇంటి మురుగు, మందుల అవశేషాలు: సమస్య - పరిష్కారం

సెప్టిక్ ట్యాంక్ దాటిన నీటిని కంకర నింపిన మడిలోకి వదిలి, అందులో మెట్టతామర, జమ్ము, వట్టివేరు పెంచే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలోనూ ఇలాంటి మడులున్నాయి. మురుగు వాసన పోగొట్టడం వీటికి తేలిక. మనం మింగిన మాత్రల అవశేషాలను పోగొట్టాలంటే మాత్రం గాలి, సమయం రెండూ కావాలి. ఎక్కువ సమస్యలు ఈ రెంటిలో ఏదో ఒకటి తగ్గడం వల్లే వస్తాయి.

నీళ్లు కంకర పైకి వచ్చి నిలుస్తున్నాయి

కంకర సందులు పూడుకుపోయాయి. ముందు సెప్టిక్ ట్యాంక్ మూత తీసి చూడండి. ఏళ్ల తరబడి బురద తీయించకపోతే అదంతా మడిలోకే వస్తుంది. వంటింటి జిడ్డు, కడగని కంకరతో వచ్చిన క్రషర్ డస్ట్ మిగతా కారణాలు. పైకి తేలిన నీరు వేళ్లను తాకకుండానే జారిపోతుంది. మూడు నాలుగు రోజులు ఉండాల్సింది ఒక్క పూటలో దాటేస్తే సూక్ష్మజీవులు మందులను ఎప్పుడు తింటాయి?

ట్యాంక్ ఖాళీ చేయించండి, వంటింటి లైన్‌కు జిడ్డును ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టండి. నీరు దిగే చోట మొదటి మీటరు కంకర తీసి, కడిగి, తిరిగి పోయండి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది, మడంతా తవ్వాలనే మేస్త్రీ మాట వెంటనే వినకండి.

కుళ్లిన గుడ్ల వాసన, బయటికొచ్చే నీరు నల్లగా ఉంది

మడిలో ఆక్సిజన్ లేదు. నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్ లాంటి మందులు గాలి ఆడే చోటే బాగా విరుగుతాయి. బార్సిలోనా దగ్గర చేసిన ప్రయోగాల్లో అర మీటరు లోతు మడి కంటే సుమారు 30 సెంటీమీటర్ల మడే ఐబుప్రొఫెన్‌ను ఎక్కువగా తొలగించింది. అవుట్‌లెట్ ఎల్బో పైపును కొంచెం కిందికి తిప్పి నీటి మట్టం తగ్గించండి. నీటిని ఆగకుండా సన్నధారగా వదలడం కాకుండా టైమర్ పంపుతో విడతలుగా ఇస్తే, విడతకూ విడతకూ మధ్య కంకరలోకి గాలి చొరబడుతుంది. కొత్తగా కట్టేవాళ్లయితే నీరు పై నుంచి కిందికి దిగే మడినే ఎంచుకోండి.

లోపలికి వెళ్లిన నీటిలో కంటే బయటికొచ్చిన నీటిలోనే మందు ఎక్కువ

ల్యాబ్ రిపోర్టు చూడగానే టెన్షన్ పడేది ఇక్కడే. మడి పాడైందని అనుకునే ముందు మూడు విషయాలు చూడాలి.

మొదటిది ఎండ. మే నెలలో మొక్కలు, గాలి కలిసి నీటిని పీల్చేస్తాయి. లీటరుకు 300 నానోగ్రాముల మందున్న నీళ్లు 100 లీటర్లు వెళ్లి, 60 లీటర్లే బయటికొచ్చాయనుకోండి. మందు రవ్వంత తగ్గకపోతే రిపోర్టులో 500 కనిపిస్తుంది. మడి మందును పుట్టించలేదు, నీళ్లు ఆవిరయ్యాయి. అందుకే గాఢతను లీటర్లతో గుణించి మొత్తం మందు ఎంతో పోల్చాలి. లోపలికి వాటర్ మీటరు, బయట ఒక రోజు నీళ్లు పట్టే డ్రమ్ము ఉంటే చాలు.

రెండోది శాంపిల్ తీసిన వేళ. పొద్దున మాత్ర వేసుకున్న మనిషి మూత్రం మధ్యాహ్నానికి లైన్లోకి వస్తుంది, రాత్రికి ఉండకపోవచ్చు. అదీగాక, ఈ రోజు బయటికొచ్చే నీరు మూడు రోజుల క్రితం వెళ్లింది. ఇన్‌లెట్ దగ్గర రోజంతా గంటకో గ్లాసు నీరు తీసి, చల్లగా ఉంచిన ఒకే క్యాన్‌లో పోయండి. అవుట్‌లెట్ దగ్గర మూడు రోజులు ఆగి అలాగే చేయండి.

మూడోది మన కాలేయం. కొన్ని మందులకు అది చక్కెర లాంటి ఒక అణువును తగిలించి మూత్రంలోకి పంపుతుంది. ల్యాబ్ వెతికేది అసలు మందునే కాబట్టి ఈ రూపం లెక్కలోకి రాదు. ట్యాంకులో, మడిలో బ్యాక్టీరియా ఆ అతుకు తెంపగానే అసలు మందు మళ్లీ బయటపడుతుంది. ఇన్‌లెట్ శాంపిల్‌ను సెప్టిక్ ట్యాంక్ తర్వాతే తీస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

బీఓడీ (నీటిలో కుళ్లే మురికి ఎంతుందో చెప్పే కొలత) బాగుంది, కార్బమజెపిన్ మాత్రం తగ్గదు

మూర్ఛకు వాడే ఈ మందు బ్యాక్టీరియాకు కొరుకుడు పడదు. కొత్త మొక్కలు నాటినా పెద్దగా లాభం లేదు. మడి తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ పెట్టాలి, కార్బన్‌ను మారుస్తూ ఉండాలి. అంత ఖర్చు వద్దనుకుంటే ఆ నీటిని చెట్లకు, లాన్‌కు వాడండి. ఆకుకూరలకు వద్దు, ఈ మందు ఆకుల్లోకి చేరుతుంది.

మడి ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది

బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎవరైనా గుమ్మరించారేమో అడగండి. ఆపేస్తే బ్యాక్టీరియా తిరిగి పుంజుకుంటుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ దాదాపు పోయిందని రిపోర్టు వచ్చింది

ఇది సమస్యలా కనిపించదు, కానీ సమస్యే. ఈ యాంటీబయాటిక్ ఎక్కువగా బురదకు అంటుకుని అక్కడే ఉంటుంది. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఇది ఉందని 2007లో వెల్లడైంది. ఇంటి మురుగులో ఉండేది దానికి ఏ మూలకూ రాదు. అయినా ట్యాంక్ బురదను ఎరువని కూరగాయల పాదుల్లో వేయకండి. దాన్ని ఎక్కడ దించుతారో ట్యాంకర్ వాళ్లను అడిగి, మల వ్యర్థాల శుద్ధి కేంద్రానికే పంపించండి.