తామర తొట్టి, మల్లె కుండీ, బెండ మడి: రోహిణి కార్తెకు ముందే చూసుకోవాల్సినవి

కర్నూలు, కడప, అనంతపురాల్లో ఏప్రిల్ రాకముందే మిద్దె మీద కాలు పెట్టలేం. అప్పుడు అందరూ గ్రీన్ నెట్ కోసం బజారుకు పరుగెడతారు. నెట్ కావాల్సిందే, కాదనను. కానీ నన్నడిగితే మన దగ్గర ఎండ కంటే మనం పోసే నీళ్లే మొక్కల్ని ఎక్కువ చంపుతాయి. ఉప్పు నీళ్లు, వేడి నీళ్లు, అవసరం లేనప్పుడు పోసే నీళ్లు.

తామర, కలువ తొట్టెల విషయంలో మనవాళ్లు మరీ నిశ్చింతగా ఉంటారు. నీళ్లలో ఉండే మొక్కకు ఎండేం చేస్తుందిలే అని. ముదురు ఎండల్లో తొట్టిలో నీళ్లు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతాయి. అంటే అడుగు లోతు తొట్టిలో నెల తిరిగేసరికి తొట్టెడు నీళ్లు గాల్లో కలుస్తాయి, మనం మళ్లీ తొట్టెడు బోరు నీళ్లు పోస్తాం. పోయేది నీళ్లే, వాటిలోని ఉప్పు ఎక్కడికీ పోదు. నెలకే రెండింతలవుతుంది. ఆకుల అంచులు మాడగానే ఎండదెబ్బ అనుకుని తొట్టిని నీడకు జరుపుతారు. ముందు తొట్టి గోడ చూడండి, తెల్లటి చారలు కట్టి ఉంటే అది బోరు పని. పది పదిహేను రోజులకోసారి పావు వంతు తోడేసి కొత్త నీళ్లు పోయండి. తోడినవి కాగితం పూల చెట్టుకు పోస్తే అది తట్టుకుంటుంది.

ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. బకెట్ పెట్టి పడితే రోజూ తగ్గిన మేరకు నింపుకోవచ్చు. వాటర్ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు మాత్రం తొట్టికీ వద్దు, కుండీకీ వద్దు. ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. "పారబోయడమెందుకు అక్కా" అంటారు. బాత్రూం కడగండి, వాకిలి కడగండి.

తొట్టిలో గప్పీ చేపలు వేసుకుంటే దోమ పిల్లల్ని తినేస్తాయి. ఎండాకాలంలో గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి చేపలు లేని తొట్టి ఉంచుకోవద్దు. కుళాయి నీళ్లు పోసేవాళ్లు ఒక రోజు బకెట్లో నిలవుంచి పోయండి, బ్లీచింగ్ వాసన పోతుంది. వేడెక్కిన నీళ్లలో గాలి తక్కువ. తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే కొంత నీరు మార్చండి. ఈ కాలంలో తొట్టిలో పేడ, కంపోస్టు వేయకండి, నాచు కమ్మేస్తుంది. తామరకు ఎండ కావాలి, కలువకు మధ్యాహ్నం తర్వాత కొంచెం నీడ ఉన్నా పర్లేదు. ఇంకో మాట, వంద లీటర్ల తొట్టి అంటే నీళ్లే క్వింటాలు, మట్టి బరువు వేరే. స్లాబు నడిమధ్య కాకుండా కింద గోడో దూలమో ఉన్న చోట పెట్టుకోండి.

ఇక కుండీలు, మడులు. ఎండలో పడున్న పైపులో నీళ్లు చేయి కాలేంత వేడెక్కుతాయి. ఆ నీళ్లు బయటికి పోనిచ్చి, చల్లనివి వచ్చాకే మొక్కకు పట్టండి. అసలు ఉదయం ఏడు లోపే పోసేస్తే ఈ గొడవే ఉండదు. మధ్యాహ్నం రెండింటికి బెండ, సొర ఆకులు వాలిపోతే టెన్షన్ పడి నీళ్లు పోయకండి. మట్టిలోకి రెండంగుళాలు వేలు దించి చూడండి. తడి ఉంటే సాయంత్రానికి అవే లేస్తాయి. తడి ఉండగానే మళ్లీ మళ్లీ పోస్తే వేరు కుళ్లుతుంది, ఆకులు అప్పుడూ అలాగే వాలతాయి, మనం ఇంకా పోస్తాం.

నేల కప్పడానికి మన జిల్లాల్లో శనక్కాయ పొట్టును మించింది లేదు. రెండంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వొద్దు. చెదలు ఉన్న చోట ఎండుగడ్డీ పొట్టూ రెండూ ఆలోచించి వాడాలి. కుండీలను ఇటుకల మీదకెక్కిస్తే స్లాబు సెగ తగ్గుతుంది.

టమాటా పూత రాలుతోందని మందులు కొనకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రీ చల్లబడకపోతే పూత నిలవదు, ఏ మందూ ఆపలేదు. ఆ మడిలో గోరుచిక్కుడు, బెండ, గోంగూర, తోటకూర వేసుకోండి. కొత్తిమీర నెట్ కిందే. మల్లెకు ఇదే సీజను, నీళ్లు తప్పనివ్వకండి. గులాబీని ఇప్పుడు గట్టిగా కత్తిరించొద్దు, యూరియా అసలే వద్దు. చామంతి పూయదు, తల్లి మొక్కను నీడలో బతికించుకుంటే చాలు.

వంగ, బెండ ఆకుల అడుగున సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన తెల్లటి చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి పొద్దు వాలాకే కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. చేపల తొట్టి మీద ముందే గోతం కప్పాలి. మే నెలలో సాయంత్రాలు ఒక్కసారిగా లేచే గాలివానకు నెట్లూ పందిళ్లూ ఎగిరిపోతాయి, తాళ్లు ఏప్రిల్‌లోనే మార్చేయండి.

పసిపిల్లలున్న ఇంట్లో తొట్టికి గట్టి ఇనుప జాలీ బిగించాల్సిందే. అర అడుగు నీళ్లు కూడా వాళ్లకు ప్రమాదమే. నేల మీద తొట్టి ఉంటే చల్లదనానికి పాములొస్తాయి. రాత్రి నీళ్లు పోయడానికి వెళ్లేటప్పుడు టార్చి వేసుకుని, పక్కనున్న కుండీల సందులు చూసి చేయి పెట్టండి.