కరెంటు బిల్లు చూసి గుండె గుభేల్మందా? ముందు మీటర్ దగ్గరికి పదండి

ప్రతి సమస్యా ఒక అవకాశమే అని స్టేటస్‌లు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట, ఏ సమస్యతో ఏం నేర్చుకోవాలో ఒక్కరూ చెప్పరు. అందుకే నేను ఒక్కటే తీసుకుంటా, కరెంటు బిల్లు. ఎండాకాలం బిల్లు రాగానే అత్తయ్య ఏసీ వల్లే అంటది, పిల్లలు కాదు ఫ్రిజ్ అంటారు, చివరికి అందరూ కలిసి మీటరే జంప్ అయిందని తేల్చేస్తారు. లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడవడం, అంతే. రెండు వేల వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్ అయిపోతది, అదే 75 వాట్ల పాత ఫ్యాను 13 గంటలు తిరిగినా ఇంకా పూర్తి యూనిట్ కాదు. ఇన్నాళ్ళూ ఫ్యాన్ ఆపలేదని పిల్లాడి మీద అరిచినోళ్ళు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి మరి.

ఇప్పుడు మీటర్ చూడండి. డిజిటల్ మీటర్ మీద ఎర్ర లైటు మిణుకుతా ఉంటది, పక్కన ఒక నంబర్ ఉంటది, అది 3200 అనుకోండి, లైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ అన్నమాట. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్, ఇన్వర్టర్ ప్లగ్గులు కూడా తీసేసి, ఆ 75 వాట్ల ఫ్యాన్ ఒక్కటే వేస్తే నిమిషానికి నాలుగు సార్లు మిణకాలి. ఈ లెక్క పిల్లలకి ఇవ్వండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని భలే చేస్తారు.

ఆ ఫ్యాన్ కూడా ఆపేశాక ఇంకా మిణుకుతుందా? అయితే ఏదో ఒకటి ఆన్‌లో మర్చిపోయుంటారు, లేదంటే వైరింగ్‌లో లీకేజీ, లేదా మీ లైన్‌లోంచి ఇంకెవరో వాడుతున్నారు. ఇక్కడితో మన పని అయిపోయింది, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మీటర్ సీల్ మాత్రం అస్సలు ముట్టుకోవద్దు.

రోజూ ఒకే టైమ్‌కి రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి, వారం చాలు. యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబ్ మారి రేటు కూడా పెరుగుతది కాబట్టి నెల మధ్యలోనే ఎక్కడున్నామో తెలియడం చాలా ముఖ్యం, తెలంగాణలో గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం ఉన్నోళ్ళకైతే మరీనూ, ఎందుకంటే జీరో బిల్లు 200 యూనిట్ల వరకే.

ఇంత చేశాక కూడా తేడా కనిపిస్తే కరెంటోళ్ళ కంప్లైంట్ నంబర్ 1912కి ఫోన్ చెయ్యండి. బిల్లు ఎక్కువొచ్చింది సార్ అంటే వాడారు కాబట్టి వచ్చిందమ్మా అంటారు, అక్కడితో మాట అయిపోద్ది. బిల్లులో రీడింగ్ ఇంతుంది, ఈరోజు మీటర్‌లో అంతకన్నా తక్కువుంది, తేదీతో ఫోటో ఉంది అని చెప్పి చూడండి, కంప్లైంట్ నంబర్ కూడా అడిగి రాసుకోండి.