ముల్లు గుచ్చుకున్న చోట పుండు మానకపోతే

మొక్కల మీదా కుళ్లిన చెత్తలోనూ బతికే ఫంగస్‌కి మామూలుగా మన చర్మాన్ని దాటే శక్తి లేదు. ముల్లో పుల్లో వరి కొయ్యకాలో దాన్ని లోపలికి దింపాలి. ఆకుమచ్చ తెగులు తెచ్చే ఆల్టర్నేరియా, ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం ఇలా మనిషికీ పట్టగలవు. గులాబీ ముళ్లు, ఎండుగడ్డి మీద ఉండే స్పోరోథ్రిక్స్ వీటిలో బాగా పేరుమోసింది.

ముల్లు దిగితే పట్టకారుతో, అది దిగిన వాలులోనే వెనక్కి లాగండి. అడ్డంగా తిప్పితే కొస లోపలే విరుగుతుంది. తీశాక కొస వాడిగా ఉందో లేదో చూడండి. పిన్నీసుతో కెలకొద్దు, జిల్లేడు పాలు పోయొద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 5 నిమిషాలైనా కడిగి పోవిడోన్ అయోడిన్ రాయండి. చివరి టీటీ వేయించుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ముక్క మిగిలిందని అనుమానమా? అల్ట్రాసౌండ్ చేయించండి, పుల్లముక్కలు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడవు.

ఫంగస్ పుండు తీరిగ్గా వస్తుంది, ఎక్కువగా వారం నుంచి 3 నెలల లోపు. ముందు నొప్పి లేని గడ్డ, తర్వాత పుండు. అక్కణ్ణుంచి ముంజేతి మీదుగా పైకి వరసగా గడ్డలు లేస్తే స్పోరోట్రైకోసిస్‌ని, అంటే స్పోరోథ్రిక్స్ తెచ్చే జబ్బుని అనుమానించాలి. పాదం మీద పులిపిరిలా పెరిగి పైన నల్లచుక్కలు కనిపిస్తే క్రోమోబ్లాస్టోమైకోసిస్ అనే మరో ఫంగస్ జబ్బు కావచ్చు. ఇక్కడ చాలామంది చేసే పని స్టెరాయిడ్ కలిసిన తామర క్రీము రాయడం. పైన ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది.

రెండు మూడు వారాల్లో మానకపోతే చర్మ వైద్యుల దగ్గరకెళ్లి, ముల్లు సంగతి ముందే చెప్పండి. బయాప్సీ ముక్కలో సగం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం), సగం స్టెరైల్ సెలైన్‌లో వెళ్లాలి. అంతా ఫార్మలిన్‌లో పడిందా, ఫంగస్ చచ్చిపోయి కల్చర్‌లో (ల్యాబ్‌లో ఫంగస్‌ని పెంచి చూసే పరీక్ష) ఏమీ మొలవదు. ల్యాబ్ చీటీ మీద 'ముల్లు గాయం' అని రాయించండి. తామర పరీక్షకి వాడే, సైక్లోహెక్సిమైడ్ (కొన్ని ఫంగస్‌లని పెరగనివ్వని రసాయనం) కలిపిన మీడియం, అంటే ఫంగస్‌ని పెంచే మేత, ఒక్కటే వాడితే ఫ్యుజేరియం లాంటివి పెరగవు; పెరిగినా, గాలిలోంచి పడిన బూజే అనుకుని పారేసే ప్రమాదం ఉంది.

స్పోరోట్రైకోసిస్‌కి మామూలుగా ఇచ్చేది ఇట్రాకొనజోల్, రోజుకి 200 మి.గ్రా., 3 నుంచి 6 నెలలు. పుండు మానాక కూడా 2 నుంచి 4 వారాలు కొనసాగించాలి. ఆరినట్టు కనబడగానే ఆపేస్తే తిరగబెట్టవచ్చు. క్యాప్సూల్ కడుపునిండా తిన్న వెంటనే వేసుకోండి. గ్యాస్ మాత్రలు వాడుతుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. గుండె వైఫల్యం ఉన్నా, గర్భిణి అయినా ఈ మందు మొదలుపెట్టకముందే డాక్టరుకి చెప్పాలి.