విశాఖలో డాబా మీద సోలార్ పెట్టించుకోవడం ఎలా?

విశాఖలో ఎండకు కొదవ లేదు, ప్యానెళ్లు అమ్మేవాళ్లకూ కొదవ లేదు. ఉప్పుగాలికీ తుపానుకీ ఆగేలా వాటిని బిగించేవాళ్లే తక్కువ. అందుకే ప్యానెల్ బ్రాండు గురించి ఎంత వాకబు చేస్తారో, దాని కింద ఫ్రేము గురించి అంతకు రెట్టింపు చేయండి.

1. ముందు వాడకం తగ్గించండి

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెడుతుంది. మన ఉక్కపోతకు ఫ్యాన్లు రాత్రీపగలూ తిరగాల్సిందే కాబట్టి తేడా బిల్లులోనే కనబడుతుంది. ఫ్యాన్లు మార్చాక, ఏడాది బిల్లులు ముందేసుకుని నెలకు సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. ఒక కిలోవాట్ ప్యానెళ్ల నుంచి రోజుకు దాదాపు 4 యూనిట్లు వస్తాయి. నెలకు 350 యూనిట్లు కాలే ఇంటికి 3 కిలోవాట్లు చాలు. బొగ్గుదే పెద్ద వాటాగా ఉన్న మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే 3 కిలోవాట్లతో రోజుకు ఎనిమిది కిలోలు ఆగినట్టే.

2. నీడ చూసుకోండి

కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల ఖాళీ కావాలి. ప్యానెళ్లు దక్షిణానికి తిరిగి, 15 డిగ్రీల వాలుతో ఉండాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి, వాటర్ ట్యాంకు నీడ ఉత్తరం వైపు బాగా సాగుతుంది. వరుసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తీ తగ్గొచ్చు.

3. దరఖాస్తు

ఇళ్ల మీద సోలార్‌కు కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం పోర్టల్‌లో కరెంటు సర్వీస్ నంబరుతో నమోదు చేసుకుని, అందులో ఉన్న వెండర్లలోనే ఒకరిని ఎంచుకోండి. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ. దానికి మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే పెట్టించాలి.

4. ఫ్రేము దగ్గర రాజీ పడొద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరినెలా ఊపేసిందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. భారతీయ ప్రమాణాల ప్రకారం విశాఖకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. "ఫ్రేము డిజైన్ ఈ వేగానికే చేశారా?" అని వెండర్‌ను అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. మాటలతో సరిపెట్టేవాణ్ని పక్కన పెట్టండి.

పెయింటు కొట్టిన మామూలు ఇనుము పెదవాల్తేరు, రుషికొండ లాంటి చోట్ల ఎంతో కాలం ఆగదు. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేసినదో, అల్యూమినియమో అడగండి. బోల్టులు, నట్లు, వాషర్లు స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. ఖర్చు కలిసొస్తుందని మామూలువి బిగించేస్తుంటారు, బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. గాల్వనైజింగ్ అయ్యాక అక్కడికక్కడ కోసి, వెల్డింగ్ చేస్తే పూత పోయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. శ్లాబుకు రంధ్రాలు వేసినచోట వాటర్‌ప్రూఫింగ్ చేశాకే బిల్లు కట్టండి.

5. నెట్ మీటరు

కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లు తనిఖీ చేసి నెట్ మీటరు పెడతారు. పగలు మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి వెళ్తుంది, అది బిల్లులో తగ్గుతుంది. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి: బ్యాటరీ లేని ఈ ఏర్పాటు కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నమైనా సరే, ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరే తనంతట తాను ఆపేస్తుంది.

6. కడగడం

గాజువాక వైపైతే దుమ్ము త్వరగా పేరుకుంటుంది. పొద్దున్నే, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో కడగండి. బోరు నీళ్లు తెల్లమరకలు పెడతాయి, కుళాయి నీళ్లు మేలు. తుపాను హెచ్చరిక వస్తే బోల్టుల బిగువు ఒకసారి చూడమని వెండర్‌కు ముందే ఫోన్ చేయండి. గాలి మొదలయ్యాక డాబా ఎక్కొద్దు.