ఈసీయూ పాడైందని తేల్చే ముందు దానికి అందే కరెంటును పరీక్షించడం

ఇగ్నిషన్ ఆన్ చేసినా చెక్ ఇంజిన్ దీపం వెలగకపోయినా, లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌కు కారులోని మిగతా కంప్యూటర్ మాడ్యూళ్లన్నీ పలికి, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరైన ఈసీయూ ఒక్కటే పలకకపోయినా, దానికి కరెంటు సరిగా అందడం లేదేమోనని మొదట అనుమానించాలి. కొత్త ఈసీయూ ఖరీదైనది. చాలా కార్లలో దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్‌తో దాన్ని జత చేయించాల్సి కూడా వస్తుంది.

ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోవాలి. కారు కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, స్టార్టర్ తిరిగేటప్పుడు సుమారు 9.6 కంటే దిగకూడదు.

ఆపైన ఆ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ చూసి, బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే తీగ, ఇగ్నిషన్ తీగ, మెయిన్ రిలే (ఈసీయూకు ప్రధాన కరెంటును కలిపే విద్యుత్ స్విచ్చు) నుంచి వచ్చే తీగ, ఎర్తు తీగలు ఈసీయూ కనెక్టర్‌లో ఏయే పిన్నులకు చేరుతున్నాయో గుర్తించి, వాటి ఫ్యూజులను పరీక్షించాలి. చాలా కార్లలో మెయిన్ రిలే కాయిల్‌కు ఎర్తు ఇచ్చేది ఈసీయూయే కనుక, రిలే టిక్కుమనలేదని వెంటనే దాన్ని మార్చేయడం తొందరపాటు అవుతుంది. ఇగ్నిషన్ తీగ తెగినా ఈసీయూ మేలుకోదు, రిలే కదలదు. మెయిన్ రిలే నియంత్రణ సర్క్యూట్‌లో లోపాన్ని సూచించే పీ0685 కోడ్ కనిపించినా సరే, ఇగ్నిషన్ తీగను చూడకుండా రిలే కొనవద్దు.

అనుభవం ఉన్నవారు కూడా మోసపోయేది తరువాతి మెట్టులోనే. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు ఉంటుంది, అది లాగే కరెంటు దాదాపు శూన్యం. అందుచేత పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలిన తీగ కూడా మీటరుపై నిండు 12 వోల్టులు చూపిస్తుంది. కాబట్టి తీగ గుండా నిజంగా కరెంటు పారేలా లోడ్ పెట్టి చూడాలి. ఇగ్నిషన్ ఆపి, ఈసీయూ కనెక్టర్ ఊడదీసి, మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేసి, సుమారు 1.75 ఆంపియర్లు లాగే 21 వాట్ల ఇండికేటర్ బల్బును సరఫరా పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కలపాలి. బల్బు మసకగా వెలిగితే లోపం తీగలోనో, ఫ్యూజు పెట్టెలోనో ఉన్నట్టే. కనెక్టర్ ఊడి ఉండగా ఈసీయూ రిలేను లాగలేదు గనుక, రిలే తీగను పరీక్షించేటప్పుడు రిలేను ఊడదీసి, దాని సాకెట్‌లో 30, 87 అని గుర్తున్న రంధ్రాలను ఫ్యూజు ఉన్న తీగతో కలపాలి. సెన్సర్ తీగలకు, ఎయిర్‌బ్యాగ్ తీగలకు మాత్రం ఈ బల్బును తాకించనే కూడదు.

ఎర్తు పరీక్షకు కనెక్టర్ తిరిగి తగిలించి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఎర్తు పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవాలి. అది 0.1 వోల్టు దాటితే బాడీకి బిగించిన ఎర్తు బోల్టు విప్పి, తుప్పూ పెయింటూ గీకి మళ్లీ బిగించాలి. తడి తగిలే చోట ఇది తరచూ కనిపించే లోపం.

ఇవన్నీ సరిగా ఉన్నా ఈసీయూ పలకకపోతే, అది సెన్సర్లకు పంపే 5 వోల్టుల సరఫరాను కొలవాలి. షార్టయిన ఒక్క సెన్సర్ దాన్ని పడదోసి, కొన్ని కార్లలో ఈసీయూను మూగబోయేలా చేస్తుంది. ప్రతిసారీ ఇగ్నిషన్ ఆపి ఒక్కో సెన్సర్ కనెక్టర్‌ను తీసి, మళ్లీ ఆన్ చేసి కొలుస్తూ పోతే, దేన్ని తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో లోపం ఆ సెన్సర్‌లోనో, దాని తీగలోనో ఉంటుంది.